మూగకుర్చీ

వారంలో ఆరు రోజులు అతన్ని అందరూ మాస్టారూ అంటారు. ఆదివారం మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా మాత్రం గోడ అంటారు. రెండు పిలుపులకీ అతను ఒకేలా పలుకుతాడు. అసలు ఈ ఐదేళ్ళుగా ఎవరు ఏమని పిలిచినా ఒకేలా పలుకుతున్నాడు.

మాస్టారంటే బడిపంతులు కాదు, డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పేవాడు. నేర్పే కారులో పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా అతని కుడికాలు దాని మీదే ఉంది. నేర్చుకునేవాళ్ళు కంగారుపడి బ్రేకు మరిచిపోయినప్పుడు అతను తనవైపు బ్రేకు మెత్తగా నొక్కుతాడు. తామే ఆపామనుకుని వాళ్ళు పొంగిపోతారు. అతను "బాగా ఆపారు" అంటాడు. ఇదివరకు ఆ మాట అనేటప్పుడు లోపల నవ్వుకునేవాడు, ఇప్పుడు మాట ఒక్కటే మిగిలింది.

మనిషి మొద్దుబారిపోయాడు. ఎందుకని అడగకండి. ఎవరైనా పోయారా, ఎవరైనా మోసం చేశారా అంటే ఏదీ లేదు. పొయ్యి మీంచి దించిన నీళ్ళు చల్లారడానికి ఎవరో వచ్చి ఊదనక్కర్లేదు కదా! పాఠం నేర్చుకునే ఒకాయన కారు కుడివైపంతా గేటుకి గీరించేస్తే స్కూలు యజమాని గంటసేపు అరిచాడు. మన మాస్టారు దున్నపోతు మీద వాన కురిసినట్టు నిలబడి, అంతా అయ్యాక "మధ్యాహ్నం బ్యాచికి ఏ కారు తీసుకెళ్ళను?" అని అడిగాడు. డాక్టరు దగ్గరికి వెళితే ఆయన ఒక కాగితం ఇచ్చి, దిగులు ఎంతుందో ఒకటి నుంచి పది దాకా అంకె వేయమన్నాడు. "సున్నా లేదాండీ?" అని అడిగాడు మనవాడు. డాక్టరు అది జోకనుకుని నవ్వాడు. ఎదుటివాళ్ళు నవ్వితే తనూ నవ్వాలని గుర్తుంది కాబట్టి అతనూ నవ్వాడు.

భార్య ల్యాబులో టెక్నీషియను, రక్తం, స్లైడ్లు, మైక్రోస్కోపు. మాజీ భార్య అనాలి. కాగితాలు చేతికొచ్చి ఏడాది దాటినా ఆ మాజీ అన్న మాట అతనికే కాదు, నాకూ నోటికి రావడం లేదు. ఆవిడ మూడేళ్ళపాటు రోజూ అడిగింది, "నీకేమైనా అనిపిస్తోందా?" అని. అతను రోజూ "ఏమో" అన్నాడు. చివరికి ఒకరోజు సూట్‌కేసు సర్దుకుని, "తిట్టు, కొట్టు, ఏడువు, ఏదో ఒకటి చెయ్యి. నేనింక గోడకి తల బాదుకోలేను" అంది. అతను ఆ సూట్‌కేసు మోసుకెళ్ళి ఆవిడ కారు డిక్కీలో జాగ్రత్తగా పెట్టాడు. పెట్టి, "వెనక ఎడమ లైటు వెలగట్లేదు, చూపించుకో" అన్నాడు. ఆవిడ స్టీరింగు మీద తల ఆనించి చాలాసేపు ఏడ్చింది. అతను అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాడు. ఏడుస్తోందని కళ్ళకి తెలిసింది, అంతకంటే లోపలికి ఆ సంగతి వెళ్ళలేదు. ఇది రెండేళ్ళ కిందటి మాట.

విడిపోయినవాళ్ళు గిన్నెలు పంచుకుంటారు, పుస్తకాలు పంచుకుంటారు. వీళ్ళు ఆదివారాన్ని పంచుకోలేకపోయారు. ఎందుకంటే ఆదివారం ఇద్దరిదే కాదు, ఆరుగురిది.

కంప్యూటర్లో రెయిడ్ ఆడతారు వీళ్ళు. రెయిడ్ అంటే ఆరుగురు ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, మాట్లాడుకుంటూ ఒకే రాక్షసుడి మీద పడటం. ఒక్కడు తప్పు చేస్తే ఆరుగురూ చస్తారు, మళ్ళీ మొదటినుంచి. ఇతను ముందు నిలబడి డాలుతో దెబ్బలు కాచుకుంటాడు కాబట్టి గోడ. ఆవిడ వెనక నుంచి ఎవరు ఎటు పరిగెత్తాలో కేకేసి చెబుతుంది కాబట్టి సైరన్. ఆవిడ తమ్ముడు కత్తి తిప్పుతాడు. విడాకుల తరవాత ఇతన్ని ఏమని పిలవాలో తెలియక "బావా... అదే, గోడా" అని ఏడాదిగా నత్తి పడుతూనే ఉన్నాడు. నోట్లో నువ్వుగింజ నానని రకం. పెద్దాయన డెబ్భై ఏళ్ళ మనిషి, భూములు కొలిచే సర్వేయరుగా చేసి రిటైరయ్యాడు, విల్లు పట్టుకుంటాడు. మిగిలిన ఇద్దరూ భార్యాభర్తలు, ఆస్పత్రిలో నర్సులు. ఉద్యోగంలోనూ ఆటలోనూ గాయాలు మాన్పడమే వాళ్ళ పని. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకుంటారు.

ఈ జట్టుకి ఒక నియమం ఉంది, అది సైరన్ పెట్టింది. కొత్త రాక్షసుణ్ణి ఎలా చంపాలో ఎక్కడా చూడకూడదు. ఇలాంటి ఆటలకి గైడు వీడియోలు కుప్పలుతెప్పలుగా ఉంటాయి. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు దూకాలి, అంతా బాణం గుర్తులు పెట్టి చూపిస్తారు. అవి చూసి ఆడితే గంటలో అయిపోతుంది. చూడకుండా గుడ్డిగా ఆడితే నెలలు పడుతుంది. వీళ్ళు గుడ్డిగానే ఆడతారు.

దీని మీద పెద్దాయనకీ ఆవిడకీ ప్రతి కొత్త రాక్షసుడి దగ్గరా వాదన జరిగేది.

"ఒకడు దారి వేశాక మళ్ళీ ముళ్ళలో నడవడం దేనికమ్మాయ్? పాత సర్వే రాళ్ళు ఉన్నచోట నేను మళ్ళీ కొలత గొలుసు వెయ్యలేదే ఎప్పుడూ" అనేవాడాయన.

"ఆ రాయి సరైనచోట పాతారని మీకెలా తెలుసు?" అనేది ఆవిడ. "చూసి గెలిస్తే ఆ వీడియో చేసినవాడు గెలిచినట్టు బాబాయిగారూ. మనం వాడి చేతులం, అంతే."

"నాకు డెబ్భై. తప్పులు చేసి నేర్చుకునేంత టైము లేదు."

"టైము లేదు కాబట్టే వాడి ఆట మీరెందుకు ఆడాలి?"

ఆవిడ ల్యాబులోనూ అంతే. శాంపిలుతోపాటు డాక్టరు ఒక చీటీ పంపుతాడు, ఫలానా జబ్బని అనుమానం అని రాసి. ఆ చీటీ ముందు చదివితే కంటికి అదే కనిపిస్తుందని ఆవిడ భయం. అరచేత్తో చీటీ మూసిపెట్టి, స్లైడు చూసి, తనకి కనిపించింది రాసి, అప్పుడు చెయ్యి తీస్తుంది. కొత్తగా చేరిన పిల్లలు నవ్వుతారు. నవ్వినవాళ్ళే ఆరు నెలలు తిరక్కుండా చెయ్యి అడ్డం పెట్టడం మొదలుపెడతారు.

మరి ఎవరికైనా జవాబు పొరపాటున కంటపడితే? దానికీ ఒక ఏర్పాటుంది, దాని పేరు మూగకుర్చీ. తెలిసిపోయినవాడు ఆ సంగతి వెంటనే ఒప్పుకోవాలి, మైకు ఆపేయాలి. మిగతావాళ్ళు సొంతంగా కనిపెట్టేదాకా ఒక్కమాట మాట్లాడకూడదు. తప్పు అని తెలిసినా చెప్పింది చెప్పినట్టు చేసి, వాళ్ళతోపాటు చావాలి. ఎవరూ కోప్పడరు. ఒకసారి పెద్దాయన మనవరాలు గొప్పగా జవాబు చెప్పేస్తే ఆయన ఆరు వారాలు మూగకుర్చీలో కూర్చున్నాడు. మైకు ఆపడం మరిచిపోయి ఒకసారి తుమ్మితే, అది సూచన ఇచ్చినట్టేనని తమ్ముడు పెద్ద గొడవ చేశాడు.

ఇప్పుడు ఆడుతున్నది ఆఖరి రాక్షసుడు. వాణ్ణి దీపాలవాడంటారు. పెద్ద హాలు, నాలుగు మూలలా నాలుగు దీపాలు, మధ్యలో వాడు. కొంతసేపు కొట్టుకున్నాక గంట మోగుతుంది, హాలంతా మంటలు లేస్తాయి, ఆరుగురూ మాడిపోతారు. ఆ మంటల్లోంచి ఎలా బయటపడాలన్నదే చిక్కు. మొదలుపెట్టిన రోజునే సైరన్ చెప్పింది, "వీణ్ణి చంపాక నేను మానేస్తాను. మధ్యలో వదిలిపెట్టను. కానీ వీడు పడ్డాక ఇంక రాను." ఎందుకని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు.

కాబట్టి లెక్క తేలికే. దీపాలవాడు బతికున్నంత కాలం ఆదివారం మూడింటికి ఆవిడ గొంతు ఇతని చెవిలో ఉంటుంది. వాడు చచ్చిన రోజు ఆగిపోతుంది.

ఆ గొంతు విన్నప్పుడు ఇతనికి ఏమైనా అనిపించేదా అంటే, పెద్దగా ఏమీ లేదు. కానీ వారం మొత్తంలో ఆ మూడు గంటలే మిగతా గంటల్లా ఉండేవి కావు. ఎలా ఉండేవో చెప్పమంటే చెప్పలేడు. మూడింటి ఆటకి రెండున్నరకే వచ్చి, ఆటలో అందరూ మాట్లాడుకోవడానికి చేరే వాయిస్ రూములో, ఇంకా ఎవరూ రాకుండానే, హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునేవాడు.

మూడో ఆదివారం దీపాలవాడు ఇంచుమించు చచ్చినంత పనయింది. మంటలు లేచాయి గానీ నలుగురు బతికారు. ఎలా బతికారో ఎవరికీ అర్థం కాలేదు. ఆ క్షణంలో అందరూ ఎడమ దీపం వైపు ఉన్నారు కాబట్టి, రహస్యం ఎడమ దీపంలోనే ఉందనుకున్నారు. సైరన్ చాలా రోజుల తరవాత గట్టిగా నవ్వి, "వచ్చే వారం వీడి పని అయిపోయినట్టే" అంది.

మంగళవారం మధ్యాహ్నం, రెండు బ్యాచీల మధ్య, చెట్టునీడన ఆపిన శిక్షణ కారులో కూర్చుని మాస్టారు ఫోన్లో వీడియో పెట్టాడు. ఊరికే చూద్దాం, గెలుపు ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది కదా అని తనకి తాను చెప్పుకున్నాడు. వీడియోలో ఒక కుర్రవాడు హుషారుగా గలగలా మాట్లాడుతున్నాడు. నాలుగో నిమిషంలో జవాబు వచ్చింది. దీపాలకీ మంటలకీ ఏ సంబంధమూ లేదు. గంట మోగగానే ముందు నిలబడ్డవాడు డాలు దించేయాలి, మూడు సెకన్లు. అంతే. మంట నెమ్మదిగా వాణ్ణి దాటి వెళ్ళిపోతుంది. డాలు ఎత్తి ఉంటే దానికి తగిలి రెట్టింపై హాలంతా చిమ్ముతుంది.

అంటే ఇన్నాళ్ళూ అందర్నీ చంపుతున్నది తన డాలే. మూడో వారం నలుగురు బతికింది ఎడమ దీపం వల్ల కాదు. ఆరోజు హెడ్‌ఫోను జారితే సర్దుకుంటూ తను డాలు ఎత్తడం ఆలస్యం చేశాడు, అందువల్ల.

మామూలుగా ఇలాంటి దొంగచూపులు చూసేది గెలవడానికి. మనవాడు చూసింది, ఏది చేస్తే గెలుస్తారో తెలుసుకుని అది పొరపాటున కూడా చేయకుండా ఉండటానికి. ఆ ఆదివారం నుంచి గంట మోగీ మోగకముందే డాలు పైకి లేచేది. మంటలు చిమ్మేవి, ఆరుగురూ చచ్చేవాళ్ళు. "ఎడమ దీపమే. నాకలా అనిపిస్తోంది" అనేవాడు. ఏమీ అనిపించని మనిషి ఐదేళ్ళ తరవాత మొదటిసారి అనిపిస్తోంది అన్నాడు, అదీ అబద్ధం! సైరన్ ఆ మాట నమ్మి, ఎడమ దీపం చుట్టూ ఎనిమిది వారాలు అందర్నీ తిప్పింది. పెద్దాయన హాలు నేలని పలకలు పలకలుగా లెక్కపెట్టి కాగితం మీద పటం గీశాడు. నర్సులు డ్యూటీలు మార్చుకుని మరీ వచ్చారు. తమ్ముడు కోపం పట్టలేక రెండు మౌసులు విరగ్గొట్టాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఇతను మాత్రం ఆదివారాలు తాగుతూ కూర్చున్నాడు.

సిగ్గనిపించలేదా అంటే, అదీ లేదు. అనిపించాలని తెలుసు. డాక్టరిచ్చిన కాగితంలో సిగ్గుకి కూడా ఒక గడి ఉంది.

ఆ రోజుల్లోనే అతని దగ్గర నేర్చుకునే ఒక దర్జీ ఆవిడ లైసెన్సు పరీక్ష రెండోసారి తప్పింది. యాభై ఏళ్ళుంటాయి. కారు చక్కగా నడుపుతుంది, అతను పక్కనుంటే.

"ఆ ఆఫీసరు ఒక్క ముక్క మాట్లాడడు మాస్టారూ, బెల్లంకొట్టిన రాయిలా కూర్చుంటాడు. మీ గొంతు వినపడకపోతే నాకు కాలాడదు" అంది.

అయితే ఈరోజు నేనూ మాట్లాడనన్నాడు. నాలుగు వీధులు బాగానే వెళ్ళింది. కూడలి దగ్గర ఆకుపచ్చ లైటు పడింది. ఆవిడ కదల్లేదు. వెనక హారన్లు మోగుతున్నాయి.

"చెప్పండి మాస్టారూ."

అతను చెప్పకూడదు. చెబితే ఈవిడకి ఎప్పటికీ రాదు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

"వెళ్ళండి" అన్నాడు. ఆవిడ హాయిగా గేరు వేసి వెళ్ళింది. ఆపడానికీ నడపడానికీ కూడా తనే కావాలంటే ఇరవై ఏళ్ళుగా తను నేర్పిందేమిటో అతనికి తెలియలేదు. రెండు నిమిషాలు ఆలోచించి, మానేశాడు.

పన్నెండో ఆదివారం. రెండు నలభై. ఖాళీ వాయిస్ రూములో అతను కూర్చుని ఉండగా, చెవిలో టింగుమని చప్పుడైంది. ఎప్పుడూ మూడింటికి ఒక్క నిమిషం ముందు కూడా రాని సైరన్ వచ్చింది.

"ఉన్నావా?"

"ఉన్నా."

"నాలుగో వారమా, ఐదో వారమా?"

ఏమిటని అడగొచ్చు. తడుముకోవచ్చు. అతను ఆ రెండూ చేయలేదు. "నాలుగు. మంగళవారం" అన్నాడు.

కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. "నేనూ నాలుగే అనుకున్నా" అంది ఆవిడ.

ఆవిడకి నోటుబుక్కులో రాసుకునే అలవాటుంది. ప్రతి ప్రయత్నానికీ ఒక వరస, ఎవరెక్కడ నిలబడ్డారు, ఎవరు ముందు చచ్చారు, డాలు ఎప్పుడు లేచింది. డాలు లేస్తే హెడ్‌ఫోన్లో ఠంగుమంటుంది కాబట్టి అదీ రాసింది.

"మొదటి మూడు వారాల్లో నలభై ఒక్కసారి ఆడాం. నీ డాలు మూడుసార్లు లేటయింది. ఆ మూడుసార్లూ ఎవరో ఒకరు బతికారు. అది నేను ఇన్నాళ్ళూ గమనించలేదు, నా తప్పే. ఎడమ దీపం ఎడమ దీపం అని నువ్వంటుంటే అదే చూస్తూ కూర్చున్నా. చీటీ ముందు చదివినట్టయింది." ఊపిరి తీసుకుంది. "ఆ తరవాత నూటపన్నెండు సార్లు ఆడాం. ఒక్కసారి కూడా నీ డాలు లేటవలేదు."

"జాగ్రత్తగా ఆడుతున్నా."

"మా మిషను నూటపన్నెండు శాంపిళ్ళకీ ఒకే అంకె చూపిస్తే మేం మెచ్చుకోం. చెడిపోయిందని ఆపేస్తాం. తెలియనివాడు ఎప్పుడో ఒకప్పుడు పొరపాటునైనా సరిగ్గా చేస్తాడు. నువ్వు ఒక్కసారి కూడా చెయ్యలేదు. అంత కచ్చితంగా తప్పు చెయ్యాలంటే ఒప్పేదో తెలియాలి."

అతను హెడ్‌ఫోను సర్దుకున్నాడు.

"గెలవాలని దొంగచాటుగా చూసినవాళ్ళని చూశాను. ఓడిపోవాలని చూసినవాణ్ణి నిన్నే చూస్తున్నా. ఎందుకు?"

"గెలిస్తే నువ్వు రావు."

"రానని బాధా?"

ఇక్కడ అబద్ధం చెబితే బాగుండేది. అవునంటే ఆవిడ ఏమనేదో మనకి తెలీదు. కానీ అతను నిజంగా లోపల వెతికాడు, వెతికినట్టే చెప్పాడు.

"తెలీదు. నువ్వు సూట్‌కేసు తీసుకుని వెళ్ళినరోజు నాకేం అనిపించలేదు. షాకేమో, తరవాత తెలుస్తుందేమో అనుకున్నా. తెలీలేదు. ఈసారి నువ్వు మొత్తానికే వెళ్ళిపోయినా ఏమీ అనిపించకపోతే ఇంక నాలో ఏమీ లేదని తేలిపోతుంది. ఆ భయమో ఏమో... భయమని కూడా చెప్పలేను. అది తేలకుండా ఉంటే చాలనిపించింది."



"అది తెలుసుకోకుండా ఉండటానికి ఆరుగురి ఆదివారాలు తీసుకున్నావు" అంది ఆవిడ. గొంతులో కోపం ఉంది, కానీ లేవలేదు. "పెద్దాయనకి డెబ్భై. ఆయన కాగితం మీద పటం గీసుకొచ్చి చూపిస్తుంటే నీకు..." అని ఆగిపోయింది. నీకేమీ అనిపించలేదా అనబోయింది. ఆ ప్రశ్న ఆవిడ ఇదివరకే వెయ్యిసార్లు అడిగింది.

టింగు టింగుమంటూ మిగతావాళ్ళు వచ్చారు.

"ఈరోజు గోడ మూగకుర్చీలో ఉంటాడు. జవాబు పొరపాటున కంటపడిందట" అంది సైరన్.

"ఎక్కడ చూశావు బావా? అదే... గోడా? ఎప్పుడు?" తమ్ముడు మొదలెట్టాడు.

"మూగవాణ్ణి ప్రశ్నలడిగితే ఎలా చెబుతాడురా?" అన్నాడు పెద్దాయన. "పోనీలే బాబూ, నేను ఆరు వారాలు కూర్చున్నా. మైకు ఆపుకో. తుమ్మొస్తే ముక్కు నొక్కుకో."

అతను మైకు ఆపేశాడు. తేలు కుట్టిన దొంగకి కూడా మూలగడానికి ఒక మూల దొరుకుతుంది. ఇక్కడ ఆ అవకాశమూ లేదు. సైరన్ నోటుబుక్కు చదివి వినిపించింది. ఎనిమిది వారాల లెక్క మాత్రం దాటేసింది. మూడుసార్లు డాలు లేటయిందని, మూడుసార్లూ మంట తగ్గిందని, అంటే డాలు ఎత్తకపోతే ఏమవుతుందో చూడాలని చెప్పింది. పెద్దాయన "ఓరి నీ! దీపాలు కావన్నమాట!" అని కుర్చీ చేతి మీద చరిచిన చప్పుడు అందరికీ వినపడింది. పటం పనికిరాకుండా పోయినందుకు ఆయనకి చింత లేదు. చిన్నపిల్లాడిలా సంబరపడిపోయాడు. అది వింటూ మన మాస్టారు తెర వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆట మొదలైంది. దీపాలవాడు లేచాడు. పది నిమిషాలు అంతా సవ్యంగా సాగింది. గంట మోగింది.

"గోడా, డాలు దించు."

అతని వేలు మీట మీద ఉంది. దించాలంటే వేలు ఎత్తాలి. ఎత్తలేదు. మంట డాలుకి తగిలి హాలంతా చిమ్మింది, ఆరుగురూ చచ్చారు.

"అలవాటు మీద నొక్కేసి ఉంటాడు" అన్నాడు తమ్ముడు. నర్సుల్లో ఆవిడ "నూట యాభైసార్లు ఎత్తిన చెయ్యి కదా" అంది. అందరూ అతన్నే వెనకేసుకొచ్చారు. సైరన్‌కి ఒక్కదానికే తెలుసు.

"మళ్ళీ" అంది ఆవిడ.

మళ్ళీ అంటే ఏముంది, ఈ పన్నెండు వారాల్లో ఆ మాట నూట యాభైసార్లు అంది. ఒక్కోసారి నవ్వుతూ, ఒక్కోసారి పళ్ళు కొరుకుతూ. ఈసారి ఆ మాటలో నవ్వు లేదు, కోపం లేదు, పట్టుదల కూడా లేదు. ఎన్ని ఆదివారాలైనా వస్తాను, ఎన్నిసార్లైనా దించమంటాను, నాకేం పోయింది అన్నట్టుంది. అతను ఆ గొంతుని వెంటనే గుర్తుపట్టాడు. అది అతని గొంతే. ఏమో అని రోజూ జవాబిచ్చిన గొంతు. ఏ గొంతు కోసం ఎనిమిది వారాలు దొంగతనం చేశాడో అది ఇప్పటికే పోయింది, దాన్ని పోగొట్టింది తనే.

మళ్ళీ పది నిమిషాలు. మళ్ళీ గంట.

"గోడా, దించు."

వేలు ఎత్తాడు. డాలు కిందికి జారింది. మంట మెల్లగా అతని మీదుగా నడిచి వెళ్ళింది. ఒకటి, రెండు, మూడు. ఎవరూ చావలేదు. "కొట్టండి! కొట్టండి!" అని సైరన్ కేకేసింది, ఆ కేకలో ప్రాణం తిరిగొచ్చింది. ఐదు నిమిషాల్లో దీపాలవాడు కూలిపోయాడు.

అరుపులు, కేకలు. తమ్ముడు పాట అందుకున్నాడు. నర్సులిద్దరూ చప్పట్లు కొడుతున్నారు. పెద్దాయన "మనమే కనిపెట్టాం! ఎవడూ చెప్పలేదు, మనమే!" అంటున్నాడు. సైరన్ నవ్వింది. నిజంగా నవ్వింది.

ఆ సందడి తగ్గాక తమ్ముడు అన్నాడు, "గోడా, మూగకుర్చీ దిగు. మైకు పెట్టు. నువ్వూ ఏదో ఒకటి అను."

అతను మైకు పెట్టాడు. అభినందనలు చెబుదామని నోరు తెరిచాడు. ఛాతీలో ఏదో పట్టేసింది. మొదట అర్థం కాలేదు. గుండెపోటేమో అనుకున్నాడు పాపం. చాలాసేపు మడిచి కూర్చున్న కాలిని చాపితే తిమ్మిరి వదిలేటప్పుడు ఎలా పొడుస్తుందో అలా ఉంది, కాకపోతే కాలు కాదు.

"బాధగా ఉంది" అన్నాడు.

 

"ఎప్పట్నుంచి?" అంది సైరన్.

"ఇప్పుడే. ఇప్పుడే మొదలైంది. చాలా ఉంది."

 ఆవిడ గొంతులో ఎత్తిపొడుపు లేదు. చాలాకాలం కిందట తను దాటొచ్చిన జబ్బు గురించి ఇప్పుడే మంచమెక్కినవాడికి చెబుతున్నట్టు నెమ్మదిగా చెప్పింది.

"నాకు తగ్గడానికి రెండేళ్ళు పట్టింది. నీకూ తగ్గుతుంది."

అందరికీ పేరుపేరునా థాంక్స్ చెప్పింది. పెద్దాయన్ని మందులు వేళకి వేసుకోమంది. టింగుమంది. వాయిస్ రూము జాబితాలో ఆవిడ పేరు పోయింది. మిగిలిన నలుగురూ వింటున్నారని తెలిసి కూడా మైకు ఆపడానికి అతనికి చెయ్యి రాలేదు. వాళ్ళు వింటుండగానే వెక్కి వెక్కి ఏడ్చాడు.